విదేశీ ప్రయాణంలో ప్రిస్క్రిప్షన్ లేకుండా మందులు కొనడం ఎలా: సమగ్ర మార్గదర్శి

వేరే దేశంలో ఉన్నప్పుడు జ్వరమో విరేచనాలో పట్టుకుంటే మందుల షాపులో ఏమని అడగాలి, వాళ్లిచ్చింది ధైర్యంగా వేసుకోవచ్చా అని పాఠకులు పదే పదే అడుగుతున్నారు. తలనొప్పి మాత్ర దొరకని దేశమంటూ దాదాపు ఉండదు. చేతికొచ్చిన పెట్టెలో ఏముందో తెలియకపోవడంతోనే చిక్కంతా వస్తుంది.

ఇక్కడ చెప్పేవన్నీ రెండు మూడు రోజుల్లో తగ్గిపోయే చిన్న బాధల గురించే. బీపీ, షుగర్, థైరాయిడ్, మూర్ఛ వంటి వాటికి రోజూ వాడే మందులు ఈ లెక్కలోకి రావు. వాటిని ప్రయాణానికి సరిపడా, ఇంకో వారానికి అదనంగా ఇంటి నుంచే తీసుకెళ్లాలి. మీ డాక్టర్ రాసిచ్చిన ప్రిస్క్రిప్షన్ చాలా దేశాల్లో చెల్లదు. అక్కడి డాక్టర్ మళ్లీ రాయాల్సిందే.

## 1. బయల్దేరే ముందు మందుల అసలు పేర్లు రాసుకోండి

ఇంట్లో వాడే మందుల స్ట్రిప్పులన్నీ ముందేసుకుని కూర్చోండి. పెద్ద అక్షరాల్లో కనిపించేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో మందు అసలు పేరు, దాని పక్కన మిల్లీగ్రాముల్లో మోతాదు ఉంటాయి. మీరు రాసుకోవలసింది ఆ చిన్న అక్షరాలే.

పారాసిటమాల్‌నే చూడండి. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో పనడాల్, ఫ్రాన్స్‌లో డోలిప్రేన్, ఇటలీలో టాకిపిరీనా, అమెరికాలో టైలెనాల్ పేర్లతో అమ్ముతారు. పైగా అమెరికా, కెనడా, జపాన్‌లలో పెట్టె మీద పారాసిటమాల్ అని ఉండదు, అసిటమినోఫెన్ అని ఉంటుంది. రెండూ ఒకే మందు. ఈ సంగతి తెలియక రెండూ కొని, రెండూ వేసుకుంటే డోసు రెట్టింపవుతుంది. ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్ కూడా అమెరికాలో ఆల్బ్యుటెరాల్ అయిపోతుంది.

దీనికంటే ప్రమాదకరమైనది ఇంకొకటుంది. కంపెనీ పేరు అదే, లోపలి మందు వేరు. అమెరికాలో బెనడ్రిల్ అలర్జీ మాత్రల్లో ఉండేది డైఫెన్‌హైడ్రమిన్, వేసుకుంటే నిద్ర ముంచుకొస్తుంది. బ్రిటన్‌లో అదే పేరుతో వచ్చే అలర్జీ మాత్రల్లో సెటిరిజిన్ గానీ అక్రివాస్టిన్ గానీ ఉంటుంది. ఇలాంటి పేర్ల గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లోనే హెచ్చరిక జారీ చేసింది. అందులో చెప్పిన ప్రకారం, ఫ్లోమాక్స్ అంటే అమెరికాలో ప్రోస్టేట్ మందు, ఇటలీలో నొప్పి, వాపు తగ్గించే మందు. నార్‌ప్రమిన్ అమెరికాలో డిప్రెషన్‌కు ఇస్తారు, స్పెయిన్‌లో ఆ పేరుతో ఉన్నది ఎసిడిటీకి వాడే ఒమెప్రజోల్. కాబట్టి కంపెనీ పేరు చెప్పి మందు అడిగే అలవాటును ఇంట్లోనే వదిలేసి వెళ్లడం మంచిది.

కాగితం మీద ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోవలసినవి:

- ☐ జ్వరం, నొప్పి, జలుబు, అలర్జీ, ఎసిడిటీ, విరేచనాలకు మీకు పడే మందుల అసలు పేర్లు, మోతాదులు
- ☐ రోజూ వాడే మందులు, వాటి మోతాదులు
- ☐ పడని మందులు, ముఖ్యంగా పెన్సిలిన్, ఆస్పిరిన్, సల్ఫా
- ☐ ఉన్న జబ్బులు: బీపీ, షుగర్, ఉబ్బసం, కడుపులో పుండు, కిడ్నీ లేదా లివర్ సమస్య, గ్లకోమా, ప్రోస్టేట్
- ☐ గర్భం, పాలిచ్చే తల్లి అయితే ఆ విషయం
- ☐ వెంట ఉన్న పిల్లల వయసు, కిలోల్లో బరువు

దీన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, కాగితాన్ని పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి. ఫోన్ చార్జింగ్ అయిపోయే రోజే జ్వరం కూడా వస్తుంది, అదేం విచిత్రమో.

## 2. ఆ దేశంలో ఏది నిషేధమో చూసుకోండి

మీ దేశంలో ఎవరికైనా అమ్మే మాత్ర ఇంకో దేశంలో కస్టమ్స్ దగ్గర మిమ్మల్ని ఇబ్బందుల్లోకి నెట్టొచ్చు. ముఖ్యంగా చూసుకోవలసినవి నాలుగు: సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మందులు, కొడీన్ ఉన్న దగ్గు మందులు లేదా నొప్పి మందులు, నొప్పికి వాడే ట్రమడాల్, నిద్ర మాత్రలు.

జపాన్‌లోకి సూడోఎఫెడ్రిన్ 10 శాతానికి మించి ఉన్న మందులు తీసుకెళ్లకూడదు. డాక్టర్ చీటీ ఉన్నా ఒప్పుకోరు. మామూలుగా ప్రిస్క్రిప్షన్ అక్కర్లేని మందులైతే రెండు నెలలకు, ప్రిస్క్రిప్షన్ మందులైతే ఒక నెలకు సరిపడా సొంతానికి తీసుకెళ్లొచ్చు. అంతకు మించితే ముందే యున్యు కకునిన్‌షో అనే ధ్రువపత్రం తెచ్చుకోవాలి.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో కొడీన్, ట్రమడాల్ నియంత్రిత మందులు, ముందుగా ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. సింగపూర్‌లో కొడీన్ మందులకు, కొన్ని నిద్ర మాత్రలకు అక్కడి హెల్త్ సైన్సెస్ అథారిటీ అనుమతి అడగాల్సి రావచ్చు. మెక్సికోలో సూడోఎఫెడ్రిన్ మందులు 2008 నుంచి నిషేధం.

ఎలా తెలుసుకోవాలి? ఆ దేశపు ఆరోగ్య శాఖ లేదా రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో మందు అసలు పేరుతో వెతకండి. మధ్యలో విమానం మారే దేశం రూల్స్ కూడా చూడండి, చాలామంది మరిచిపోయేది ఇదే. అనుమానం తీరకపోతే ఆ మందు తీసుకెళ్లకండి, దాని బదులు వేరే మందు రాయమని డాక్టర్‌ని అడగండి.

## 3. వెంట తీసుకెళ్లే చిన్న కిట్

రాత్రి రెండు గంటలకు కొత్త ఊళ్లో మందుల షాపు వెతకాల్సిన అవసరం రాకుండా చూడటమే ఈ కిట్ పని. ఒక రోజు గట్టెక్కించేంత ఉంటే చాలు. సంచి నింపుకోనక్కర్లేదు.

- ☐ పారాసిటమాల్ 500 మి.గ్రా. ఒక స్ట్రిప్పు
- ☐ సెటిరిజిన్ లేదా లొరాటడిన్ (అలర్జీకి)
- ☐ ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు మూడు
- ☐ లోపెరమైడ్ (విరేచనాలకు, పెద్దవాళ్లకు మాత్రమే)
- ☐ యాంటాసిడ్
- ☐ ప్లాస్టర్లు, యాంటీసెప్టిక్ క్రీమ్, డిజిటల్ థర్మామీటర్

మాత్రలు స్ట్రిప్పుల్లోనే, వీలైతే పెట్టెతో సహా తీసుకెళ్లండి. విడి మాత్రలు డబ్బాలో పోసుకుని వెళ్తే అవేంటో కస్టమ్స్ వాళ్లకీ తెలియదు, మూడో రోజుకి మీకూ గుర్తుండదు. మందులన్నీ హ్యాండ్ బ్యాగులో పెట్టండి. సిరప్ 100 మి.లీ. దాటితే అది అవసరమైన మందని సెక్యూరిటీ దగ్గర ముందే బయటికి తీసి చూపించండి.

## 4. ఆ దేశంలో మందులు ఎక్కడ అమ్ముతారో తెలుసుకోండి

చాలామంది మొదట తప్పు షాపుకి వెళ్తారు. జర్మనీలో డ్రోగరీ అనే షాపు చూడగానే మందుల షాపు అనిపిస్తుంది. అక్కడ సబ్బులు, షాంపూలు, విటమిన్లు, టీ పొడులు ఉంటాయి. నొప్పి మాత్రలు మాత్రం దొరకవు, వాటికి ఎర్రటి 'A' అక్షరం బోర్డున్న అపొథెకె అనే మందుల షాపుకు వెళ్లాలి.

ఫ్రాన్స్‌లో పచ్చని ప్లస్ గుర్తు వెలిగే ఫార్మసీల్లోనే మందులు అమ్ముతారు. 2020 జనవరి నుంచి పారాసిటమాల్, ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ కూడా కౌంటర్ వెనకే ఉంటున్నాయి. అరలు వెతికి లేవనుకుని వెనక్కి వచ్చేయకండి, అడగండి. ఇటలీ, స్పెయిన్‌లలో కూడా పచ్చ ప్లస్ గుర్తే చూడాలి. స్పెయిన్‌లో పారాసిటమాల్ 1 గ్రాము మాత్రలకు ప్రిస్క్రిప్షన్ కావాలి, చిన్న మోతాదు అడగండి.

బ్రిటన్‌లో సూపర్ మార్కెట్‌లో కూడా పారాసిటమాల్ దొరుకుతుంది, కానీ పెట్టెకు 16 మాత్రలకు మించవు. ఫార్మసీలో 32 ఉంటాయి. ఆస్ట్రేలియాలోనూ 2025 ఫిబ్రవరి నుంచి సూపర్ మార్కెట్ పెట్టెలు 16కు తగ్గాయి. ఎక్కువ పెట్టెలు ఒకేసారి తీసుకెళ్తే ఇవ్వకపోవచ్చు. మిమ్మల్ని అనుమానించి కాదు, మోతాదు మించి మింగే ప్రమాదాలు తగ్గించడానికి పెట్టిన రూల్ అది.

అమెరికాలో సగం మందులు అరల మీదే ఉంటాయి, ఎవరినీ అడగనక్కర్లేదు. దాంతో సలహా చెప్పేవాళ్లు కూడా ఎదురుపడరు. లోపల చివర్లో ప్రిస్క్రిప్షన్ కౌంటర్ దగ్గర ఫార్మసిస్టు ఉంటారు, అక్కడికి వెళ్లి అడిగితే డబ్బు తీసుకోకుండా చెబుతారు. సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మందు 2006 నుంచి కౌంటర్ వెనకే ఉంటోంది, ఫొటో గుర్తింపు కార్డు చూపించాలి కాబట్టి పాస్‌పోర్టు పట్టుకెళ్లండి.

జపాన్‌లో డ్రగ్‌స్టోర్ తెరిచే ఉన్నా కొన్ని మందులు అమ్మకపోవచ్చు. అక్కడ ప్రిస్క్రిప్షన్ అక్కర్లేని మందుల్లో మొదటి తరగతి వాటిని ఫార్మసిస్టు మాత్రమే అమ్మాలి. ఆయన డ్యూటీలో లేకపోతే ఆ అర మూసేసి ఉంటుంది. రెండు, మూడు తరగతుల మందులు మిగతా సిబ్బంది ఇస్తారు.

రాత్రిపూట, ఆదివారం: యూరప్‌లోని చాలా దేశాల్లో ఒక్కో ప్రాంతానికి ఒక్కో ఫార్మసీ వంతులవారీగా తెరిచి ఉంటుంది. మూసేసిన ఫార్మసీ తలుపు మీద ఆ రాత్రి వంతు ఎవరిదో, చిరునామాతో సహా రాసి ఉంటుంది. షట్టర్ దించి ఉన్నా చిన్న కిటికీ, బెల్ ఉంటాయి, బెల్ నొక్కండి. కొన్ని చోట్ల రాత్రి సేవకు కొంచెం అదనంగా తీసుకుంటారు.

ఫుట్‌పాత్ మీద, మార్కెట్ బల్లల మీద, సోషల్ మీడియాలో అమ్మేవి ఎంత చవకైనా కొనకండి. తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లో పదింటిలో ఒక మందు నాసిరకం లేదా నకిలీదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అంచనా వేసింది. విడిగా కాగితంలో చుట్టి ఇచ్చే మాత్రలు కూడా వద్దు. కంపెనీ సీలున్న పెట్టె అడగండి, లేదంటే ఇంకో షాపు చూసుకోండి.

## 5. కౌంటర్ దగ్గర ఏ వరుసలో చెప్పాలి

ఫలానా మందు ఇవ్వండి అని మొదలుపెట్టకండి. ముందు బాధ చెప్పండి, ఆ తర్వాతే మందు. మీరు అడిగిన మందు అక్కడ లేకపోయినా, మీ బాధకు ఏం వాడతారో ఫార్మసిస్టుకి తెలుసు.

1. ఎవరికి: పెద్దవాళ్లకా, పిల్లలకా, వయసెంత
2. ఏం బాధ: ఒకటి, మహా అయితే రెండు లక్షణాలు
3. ఎన్నాళ్ల నుంచి
4. ఇప్పటికే ఏం వేసుకున్నారు, ఎప్పుడు
5. కాగితం చూపించండి: రోజూ వాడే మందులు, జబ్బులు, పడనివి
6. చివర్లో మీకు పడే మందు అసలు పేరు, మోతాదు చూపించండి

భాష రాకపోతే టెన్షన్ పడకండి. ఫోన్‌లో ట్రాన్స్‌లేషన్ యాప్ వాడండి, కానీ చిన్న చిన్న వాక్యాలు రాయండి. 'నాకు నిన్న రాత్రి నుంచి కడుపు అదోలా ఉండి తిప్పుతోంది' అని రాస్తే యాప్ దాన్ని ఎలా తిప్పుతుందో ఎవరూ చెప్పలేరు. 'విరేచనాలు. ఒక రోజు. జ్వరం లేదు.' ఇలా రాస్తే పొరపాటు జరగదు. ఆ దేశ భాషను ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోండి. లాటిన్ అక్షరాలు వాడే దేశాల్లో కాగితం మీది అసలు పేరు దాదాపు అలాగే అర్థమవుతుంది, ఒకటి రెండు అక్షరాలు మారతాయంతే.

డబ్బిచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి, జవాబులు పెట్టె మీదే రాయమనండి: ఒకసారికి ఎన్ని, ఎన్ని గంటలకోసారి, రోజుకి ఎక్కువలో ఎక్కువ ఎన్ని. అంకెలకు భాష అక్కర్లేదు.

## 6. పెట్టె చదవడం

కౌంటర్ దగ్గర నుంచి కదలకముందే ఈ పని చేయండి. హోటల్‌కి వెళ్లాక చూస్తే ప్రయోజనం ఉండదు, చాలా దేశాల్లో అమ్మిన మందు వెనక్కి తీసుకోరు.

లోపల ఎన్ని మందులున్నాయి? జలుబు, ఫ్లూ పేరుతో అమ్మే పొడుల్లో, మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. దానికి తోడు విడిగా జ్వరం మాత్ర వేసుకుంటే డోసు మీద డోసు అవుతుంది. ఇలాంటి కలగలుపు మందుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఒక బాధకు ఒక మందు ఉన్న పెట్టె తీసుకుంటే ఏది పని చేసిందో, ఏది పడలేదో తెలుస్తుంది.

మోతాదు ఎంత? మీ ఊహతో పోల్చకండి, అంకె చూడండి. పారాసిటమాల్ జపాన్‌లో టైలెనాల్ ఎ మాత్రకు 300 మి.గ్రా., చాలా దేశాల్లో 500, ఫ్రాన్స్‌లో 1000 కూడా ఉంటాయి. ఎప్పటిలాగే రెండు వేసుకుందాం అన్న మాట 1000 మి.గ్రా. మాత్రలతో చెల్లదు.

చుక్కా, కామానా? యూరప్‌లోని చాలా దేశాల్లో దశాంశానికి కామా వాడతారు. 0,5 అంటే అర, ఐదు కాదు.

ఏ రూపంలో ఉంది? ఫ్రాన్స్, ఇటలీ, జర్మనీల్లో జ్వరం మందులు మలద్వారంలో పెట్టే రూపంలో కూడా మామూలుగా అమ్ముతారు. పెట్టె మీద బొమ్మ చూడండి. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే మాత్రల్లో సోడియం ఎక్కువ. బీపీ, గుండె, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మామూలు మాత్ర అడగాలి.

అసలు మందేనా? యూరప్ ఫార్మసీల్లో హోమియో మందులు కూడా అవే అరల్లో, అదే తరహా పెట్టెల్లో ఉంటాయి. పేరు పక్కన డి6, సి30 వంటి గుర్తులుంటే అది హోమియో. మీరు అడిగింది పారాసిటమాల్ అయితే అది తీసుకోవద్దు.

గడువు తేదీ. 03/04 అని ఉంటే ఏది నెల, ఏది రోజు అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో నెల ముందు, జపాన్‌లో సంవత్సరం ముందు. థాయిలాండ్ బౌద్ధ శకంలో సంవత్సరం 543 ఎక్కువ. 25తో మొదలయ్యే నాలుగంకెల సంవత్సరం కనబడితే కంగారుపడకుండా 543 తీసేసి చూడండి.

## 7. ఏ బాధకు ఏం అడగాలి

జ్వరం, ఒళ్లు నొప్పులు. మొదటి మందు పారాసిటమాల్. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఒకసారికి 500 నుంచి 1000 మి.గ్రా., నాలుగు నుంచి ఆరు గంటల తేడాతో, 24 గంటల్లో 4 గ్రాములు మించకూడదు. లివర్ సమస్య ఉన్నా, మద్యం తాగే అలవాటున్నా, బరువు బాగా తక్కువున్నా అంతకంటే తగ్గించాలి, ఫార్మసిస్టుతో చెప్పండి.

దోమలు ఎక్కువగా ఉన్న, డెంగీ తిరిగే ప్రాంతంలో జ్వరం వస్తే ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ జోలికి వెళ్లకండి. డెంగీ అయితే అవి రక్తస్రావం ముప్పు పెంచుతాయి. కడుపులో పుండు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు కూడా ఇబుప్రొఫెన్ అడగొద్దు.

బ్రెజిల్‌లో డైపిరోన్ అనే నొప్పి మాత్ర చాలా మామూలుగా చేతిలో పెడతారు. దీన్నే మెటమిజోల్ అని కూడా అంటారు. తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోయే అరుదైన దుష్ఫలితం వల్ల అమెరికా, బ్రిటన్‌లలో దీన్ని అమ్మరు. మీకు అలవాటు లేకపోతే పారాసిటమాలే కావాలని చెప్పండి.

ముక్కు దిబ్బడ. ఫినైలెఫ్రిన్ మాత్రలు చాలా చోట్ల దొరుకుతాయి, కానీ నోటి ద్వారా తీసుకుంటే పని చేయదని అమెరికా ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీ 2023లో తేల్చి చెప్పింది. డబ్బు దండగ. ఉప్పునీటి స్ప్రే, లేదంటే ఆక్సీమెటజొలిన్ స్ప్రే అడగండి. రెండోది మూడు రోజులు దాటితే దిబ్బడ మళ్లీ మొదటికొస్తుంది, ఆపేయండి. సూడోఎఫెడ్రిన్ ఫ్రాన్స్‌లో 2024 డిసెంబర్ నుంచి ప్రిస్క్రిప్షన్ మందు అయింది. అది ఎక్కడ దొరికినా బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు మంచిది కాదు.

తుమ్ములు, దద్దుర్లు, దురద. సెటిరిజిన్, లొరాటడిన్ పేర్లు దాదాపు అన్ని చోట్లా చెల్లుతాయి. పగలు కారు నడపాలంటే లొరాటడిన్ నయం. దురదకు హైడ్రోకార్టిజోన్ 1 శాతం క్రీమ్ బ్రిటన్, అమెరికాల్లో అడిగితే ఇస్తారు. బెటామెథజోన్ వంటి గట్టి స్టెరాయిడ్ క్రీములకు మాత్రం ప్రిస్క్రిప్షన్ అడుగుతారు.

విరేచనాలు. అన్నిటికంటే ముందు ఓఆర్ఎస్. బ్రిటన్‌లో డయోరలైట్, అమెరికాలో పీడియలైట్, ఆస్ట్రేలియాలో హైడ్రలైట్, జపాన్‌లో ఓఎస్-1. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు నీళ్ల కొలత. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్యాకెట్ లీటరు నీళ్లకు, డయోరలైట్ ప్యాకెట్ 200 మి.లీ. నీళ్లకు. అలవాటు కొద్దీ డయోరలైట్‌ను లీటరులో కలిపితే లవణాలు సరిపోవు, లీటరు ప్యాకెట్‌ను గ్లాసులో కలిపితే ఉప్పు మోతాదు మించి ప్రమాదం. కొలత ప్యాకెట్ మీద అంకెల్లో ఉంటుంది.

ప్యాకెట్ అసలే దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో ఆరు సమతల టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలుపుకోండి. ఉప్పు ఇంతకంటే పెంచొద్దు.

లోపెరమైడ్ విరేచనాలు ఆపుతుంది, కారణాన్ని తీసెయ్యదు. బస్సులోనో విమానంలోనో కూర్చోవాల్సి ఉంటే పెద్దవాళ్లు వాడొచ్చు: మొదట 4 మి.గ్రా., ఆ తర్వాత విరేచనం అయినప్పుడల్లా 2, రోజుకి 8 మించకుండా. రక్తం పడుతున్నా, జ్వరం ఉన్నా అసలు వాడకూడదు. అమెరికాలో గులాబీ రంగు పెప్టో-బిస్మాల్ ఇస్తే నాలుక, మలం నల్లబడతాయి, భయపడనక్కర్లేదు. ఆస్పిరిన్ పడనివాళ్లు మాత్రం అది తాగకూడదు.

ఎసిడిటీ, వాంతులు. రానిటిడిన్‌కు అలవాటుపడ్డవాళ్లకు అమెరికాలో అది దొరక్కపోవచ్చు, 2020లో మార్కెట్ నుంచి తీసేయించారు. ఫమోటిడిన్ అడగండి. వాంతులకు వాడే డాంపెరిడోన్ అమెరికాలో అసలు లేదు, బ్రిటన్‌లో ప్రిస్క్రిప్షన్ కావాలి. ప్రయాణంలో వచ్చే వాంతులకైతే అమెరికాలో మెక్లిజిన్ లేదా డైమెన్‌హైడ్రినేట్, బ్రిటన్‌లో సిన్నరిజిన్ అడగొచ్చు. మూడూ నిద్ర తెప్పిస్తాయి.

యాంటీబయాటిక్. కొన్ని దేశాల్లో అడిగితే ఇచ్చేస్తారు. అడగకండి. జలుబుకి అవి పని చేయవు, విరేచనాల్లో చాలావాటికి అక్కర్లేదు.

## 8. పిల్లలకు కొనేటప్పుడు

పెద్దల మాత్రను సగం చేసి ఇవ్వడం మానుకోండి. సిరప్ అయినా చిక్కటిదా పలుచనిదా అని చూడాలి. పారాసిటమాల్ సిరప్ 5 మి.లీ.లో అమెరికాలో 160 మి.గ్రా. ఉంటుంది. బ్రిటన్‌లో చిన్నపిల్లల సీసాలో 120, ఆరేళ్లు దాటినవాళ్ల సీసాలో 250 ఉంటాయి. అదే చెంచా, మోతాదు రెట్టింపు.

- ☐ బరువు చెప్పి, ఎన్ని మి.లీ. ఇవ్వాలో ఫార్మసిస్టుతో రాయించుకోండి
- ☐ పెట్టెలో ఉన్న సిరంజి లేదా కొలత కప్పే వాడండి, హోటల్ చెంచా వద్దు
- ☐ ఆస్పిరిన్ ఉన్నదేదీ పిల్లలకు ఇవ్వొద్దు
- ☐ చిన్నపిల్లలకు దగ్గు, జలుబు కలగలుపు సిరప్‌లు అడగొద్దు
- ☐ మూడు నెలల లోపు బిడ్డకు జ్వరమైతే షాపు కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి

## 9. పొరపాటు జరిగితే

ఒకే మందు రెండు పేర్లతో వేసుకున్నారు. ఎంత, ఎప్పుడు వేసుకున్నారో రాసుకోండి, మళ్లీ వేసుకోకండి. పారాసిటమాల్ రోజు పరిమితి దాటితే ఒంట్లో బాగానే ఉందని ఊరుకోవద్దు. లివర్ దెబ్బతిన్న లక్షణాలు ఒకటి రెండు రోజుల తర్వాతే బయటపడొచ్చు, విరుగుడు త్వరగా ఇస్తేనే బాగా పని చేస్తుంది. వెంటనే అక్కడి ఎమర్జెన్సీకి వెళ్లండి, రెండు పెట్టెలూ పట్టుకెళ్లండి.

పెట్టెలో కాగితం అర్థం కావడం లేదు. ఫోన్ కెమెరాతో అనువాదం చేస్తే విషయం తెలుస్తుంది, మోతాదుకి మాత్రం దాన్ని నమ్మకండి. ఆ పెట్టెతో ఏదైనా ఫార్మసీకి వెళ్లి అడగండి, కొన్న చోటికే వెళ్లాలని లేదు.

ఇవ్వనన్నారు. వాదన పెట్టుకోకండి, 'దీని బదులు ఏముంది?' అని అడగండి. ప్రిస్క్రిప్షన్ తప్పనిసరి అయితే మీ ట్రావెల్ ఇన్సూరెన్స్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, దగ్గర్లోని డాక్టర్ ఎవరో చెబుతారు. బిల్లులు దాచుకోండి.

దద్దుర్లు వచ్చాయి. మందు ఆపేసి ఫార్మసిస్టుకు చూపించండి. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి.

## 10. షాపుతో పని లేదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినవి

- ☐ ఛాతీ నొప్పి, ఊపిరి అందకపోవడం, మాట తడబడటం, ఒక పక్క చేయి లేదా కాలు పట్టు తప్పడం
- ☐ మలంలో లేదా వాంతిలో రక్తం
- ☐ మెడ బిగుసుకుపోయి జ్వరం, తీవ్రమైన తలనొప్పి
- ☐ మలేరియా ఉన్న ప్రాంతానికి వెళ్లాక వచ్చిన ఏ జ్వరమైనా
- ☐ నీళ్లు కూడా నిలవకుండా వాంతులు, మూత్రం బాగా తగ్గిపోవడం
- ☐ మూడు రోజులైనా తగ్గని జ్వరం

ఎమర్జెన్సీ నంబర్లు: యూరోపియన్ యూనియన్‌లో 112, అమెరికా, కెనడాల్లో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000, జపాన్‌లో అంబులెన్స్‌కు 119.

## 11. మిగిలిన మందులు

అక్కడ చట్టబద్ధంగా కొన్న మందే కదా అని తర్వాతి దేశానికి తీసుకెళ్తే ఇబ్బంది రావచ్చు. జపాన్‌లో ఎవరికైనా అమ్మే ఈవ్ తలనొప్పి మాత్రల్లో కొన్నిటిలో అలిల్‌ఐసోప్రొపైల్‌అసిటైల్‌యూరియా అనే పదార్థం ఉంటుంది. దక్షిణ కొరియా 2025లో దాన్ని నియంత్రిత పదార్థాల జాబితాలో చేర్చింది. అంటే టోక్యోలో కొన్న తలనొప్పి మాత్ర సియోల్ విమానాశ్రయంలో నిలబెట్టేస్తుంది.

కాబట్టి దేశం మారే ముందు రాత్రి బ్యాగులోని ప్రతి పెట్టెనూ రెండో మెట్టులో చెప్పినట్టే మళ్లీ చూడండి. అనుమానం ఉన్నవి, తెరిచిన సిరప్‌లు ఏదైనా ఫార్మసీలో తిరిగి తీసుకుంటారేమో అడిగి ఇచ్చేయండి. బాగా పని చేసిన మందు ఉంటే దాని అసలు పేరు, మోతాదు, కొన్న దేశం మీ కాగితంలో చేర్చుకోండి, పెట్టె ఫొటోతో సహా.